రెండు బ్లాకులుగా చూపితే పర్యావరణ అనుమతి అవసరం తప్పుతుందా? కొమ్మాది స్థలం గురించి సమాధానం

ముందుగా మీ ప్రశ్న సారాంశం. విశాఖపట్నం శివారు కొమ్మాది వెనుక కొండ వాలులో మీకు, మీ అన్నదమ్ములకు కలిపి రెండెకరాల స్థలం ఉంది. అందులో రెండు బ్లాకులుగా సుమారు 160 ఫ్లాట్లు కట్టాలని అనుకుంటున్నారు. అంతస్తుల విస్తీర్ణం 17,600 చదరపు మీటర్లే కనుక పర్యావరణ అనుమతి అక్కరలేదని మీ ఎల్టీపీ (ప్లాన్లు గీసే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు) అన్నారు. ఒకవేళ ఆ అనుమతి అవసరమయ్యే 20,000 చదరపు మీటర్ల గీత దాటినా, రెండు బ్లాకులకు జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) రెండు ప్లాన్లు వేర్వేరుగా పెడితే సరిపోతుందని మరొకరు సలహా ఇచ్చారు. స్థలం వెనుక అంచున వర్షాకాలంలో మాత్రమే పారే గెడ్డ ఒకటి ఉంది. కాగితాలు తేలేలోగా జేసీబీ పెట్టి నేల చదును చేయించుకోవచ్చా అని చివరగా అడిగారు.

మీరు ఇచ్చిన వివరాల ప్రకారం ఈ నిర్మాణానికి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. ప్లానును రెండుగా విడగొట్టినంత మాత్రాన ఆ అవసరం పోదు. చదును పని మొదలుపెట్టకండి. ఈ మూడింటికీ కారణాలు వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఫైళ్లతోనే చాలాకాలంగా పనిచేస్తున్న నాకు, ఆలస్యాలూ జరిమానాలూ ఎక్కువగా ఈ మొదటి లెక్క దగ్గరే పుట్టడం కనిపించింది.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జారీ చేసింది. దాని షెడ్యూలులో 8-ఎ అంశం 20,000 చదరపు మీటర్ల నుంచి 1,50,000 చదరపు మీటర్ల లోపు నిర్మిత విస్తీర్ణం గల భవనాలకు వర్తిస్తుంది. 1,50,000 దాటిన నిర్మాణాలు, 50 హెక్టార్లు దాటిన టౌన్‌షిప్పులు 8-బి కిందకు వస్తాయి. అసలు చిక్కు "నిర్మిత విస్తీర్ణం" అన్న మాటకు ఈ నోటిఫికేషన్ ఇచ్చే అర్థంలో ఉంది. 2011లో వచ్చిన సవరణ ప్రకారం అన్ని అంతస్తులతో పాటు సెల్లార్, ఇతర సేవా స్థలాలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. బిల్డింగ్ ప్లానులో పార్కింగ్‌ను విడిగా చూపించడం మన దగ్గర అలవాటు కనుక ఎల్టీపీ దృష్టి సహజంగానే నివాస అంతస్తుల అంకె మీద నిలుస్తుంది. జీవీఎంసీ పనికి ఆయన లెక్క సరైనదే. పర్యావరణ అనుమతికి మాత్రం అది చాలదు.

మీరు పంపిన అంకెలనే తీసుకుందాం. అంతస్తులు 17,600, సెల్లార్ 3,200, స్టిల్ట్ 1,900, క్లబ్ హౌస్ 500 చదరపు మీటర్లు. మొత్తం 23,200. గీత దాటింది. పార్కింగును కలపకూడదని వాదించి చూద్దామని ఎవరైనా అంటే, పుణెలోని ఒక గృహ సముదాయం మీద 2018 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును వారి ముందు పెట్టండి. ఆ కేసులో 552 ఫ్లాట్లకు అనుమతి తీసుకుని 807 ఫ్లాట్లు కట్టారు. ఎఫ్ఎస్ఐలో (స్థలానికి ఎంత నిర్మాణం అనుమతిస్తారో చెప్పే నిష్పత్తిలో) లెక్కకు వచ్చే విస్తీర్ణాన్నే చూడాలన్న వాదనను కోర్టు అంగీకరించలేదు. 100 కోట్ల రూపాయలు లేదా ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అది చెల్లించాలని ఆదేశించింది.

ఇక రెండు ప్లాన్ల సలహా. విడివిడి ఫైళ్లతో జీవీఎంసీలో రెండు అనుమతులు రావచ్చేమో గానీ, పర్యావరణ మదింపు చూసేది ఫైళ్ల సంఖ్యను కాదు, ఆ స్థలం మీద జరిగే మొత్తం పనిని. ఒకే దస్తావేజు కింద ఉన్న భూమి, ఒకే గేటు, ఒకే మురుగునీటి శుద్ధి కేంద్రం, రెండు బ్లాకుల వారికీ ఉమ్మడిగా ఒకే క్లబ్ హౌస్ ఉన్నప్పుడు ఇది ఒకే ప్రాజెక్టు అని తేల్చడానికి ఎవరూ ఎక్కువ కష్టపడనక్కరలేదు. పైగా 500 చదరపు మీటర్ల స్థలం లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు చేయాలి, ఆ వివరాలు ఎవరైనా చూడగలిగేలా ఆన్‌లైన్‌లో ఉంటాయి. మీ సొంత బ్రోచరులోనే "160 ఫ్లాట్ల సముదాయం" అని అచ్చు వేస్తారు. రెరా చట్టం దశలవారీ నమోదును అనుమతిస్తుంది కాబట్టి డబ్బు సర్దుబాటు కోసం ఒక బ్లాకు ముందు, ఇంకొకటి తర్వాత కట్టుకోవడంలో తప్పు లేదు. పర్యావరణ అనుమతికి మాత్రం రెండు దశలనూ కలిపి మొదటే దరఖాస్తు చేయండి. ఈ అనుమతికి ఇప్పుడు పదేళ్ల కాలపరిమితి ఉంది, దశలవారీగా కట్టేవారికి అది చాలినంత సమయం.

విస్తీర్ణాన్నే 19,900కు కుదించుకుంటే ఎలా ఉంటుందని మీరు తప్పక ఆలోచిస్తారు. నిజంగా తగ్గించి కడితే అది చట్టబద్ధమే. కానీ పని మధ్యలో ఒక పెంట్ హౌస్, ఒక జనరేటర్ గది, మూసేసిన స్టిల్ట్ భాగం వచ్చి చేరితే గీత దాటడానికి వంద చదరపు మీటర్లు చాలు. అప్పుడు మీరు ముందస్తు అనుమతి లేకుండా కట్టినవారవుతారు. అంత అంచున నిలబడి కట్టమని నేను ఎవరికీ చెప్పను.

గెడ్డ విషయానికి మీరు మీ ప్రశ్నలో ఒక్క వాక్యమే కేటాయించారు. నా దృష్టిలో ఈ స్థలంలో అన్నిటికన్నా బరువైన విషయం అదే. విశాఖ కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుకుగా పెరిగిన ఊరు. కొండ మీద పడిన వాన నిలవడానికి చోటు లేక గెడ్డల వెంట వేగంగా కిందికి వస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి కనిపించే గెడ్డ తుపాను రోజున నిండుగా పారుతుంది. దాన్ని పూడ్చినా, ఇరుకు చేసినా ఆ నీరు మీ సెల్లార్‌లోకో కింద ఉన్న కాలనీ ఇళ్లలోకో చేరుతుంది. ఈ వైపు కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయి. పైపొర బాగా శిథిలమై ఎర్రమట్టిగా మారి ఉంటుంది కనుక, చెట్లూ తుప్పలూ తీసేసిన వాలు మీద ఒక్క గట్టి వాన పడినా మట్టి కొట్టుకొచ్చి కాలువలను పూడ్చేస్తుంది.

అందుకని ప్లాను గీయకముందే రెవెన్యూ రికార్డు తీయించండి. ఎఫ్ఎంబీలో (సర్వే నంబర్ల కొలతల పటంలో) ఆ గెడ్డ ఎంత వెడల్పుగా ఉందో, అది మీ సర్వే నంబరులో భాగమో లేక గెడ్డ పోరంబోకుగా (ప్రభుత్వ భూమిగా) విడిగా నమోదై ఉందో చూసుకోండి. తర్వాత తహసీల్దారు కార్యాలయం ద్వారా హద్దులు కొలిపించి, జలవనరుల శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోండి. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు నీటి వనరుల అంచున వదలాల్సిన ఖాళీని నిర్దేశించాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకు చిన్నవాటికి 9 మీటర్లు, పది మీటర్ల కంటే వెడల్పైన కాలువకు, వాగుకు 9 మీటర్లు. ఆ నిబంధనలకు సవరణలు వస్తుంటాయి కనుక దరఖాస్తు నాటికి అమల్లో ఉన్న పాఠాన్నే మీ ఎల్టీపీ చేత చూపించుకోండి. ఖాళీని కొలవాల్సింది రికార్డులోని గెడ్డ అంచు నుంచి. ఇప్పుడు కంటికి కనిపించే సన్నని నీటి దారి నుంచి కొలిచి గీసిన ప్లాను తనిఖీలో నిలవదు.

చదును పని గురించి నోటిఫికేషన్‌లో సందేహానికి తావు లేదు. స్థలాన్ని కాపాడుకోవడానికి కంచె వేసుకోవచ్చు. అంతకు మించి, నిర్మాణమే కాదు, నిర్మాణం కోసం నేలను సిద్ధం చేసే పని కూడా అనుమతి రాకముందు చేయకూడదు. కొండ వాలులో ఒకసారి జేసీబీ దిగితే ఆ గాయం ఉపగ్రహ చిత్రాల్లో తేదీతో సహా కనిపిస్తుంది. ఈ రోజుల్లో నిపుణుల కమిటీ దరఖాస్తును పరిశీలించేటప్పుడు ఆ చిత్రాలను తెరిచి చూడటం మామూలే. రుషికొండ మీద పర్యాటక కట్టడాల కోసం అనుమతికి మించి తవ్వారన్న వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి మన ఊరివారికి తెలిసిందే. మీ స్థలంలో తాటి, జీడిమామిడి చెట్లు ఉన్నాయని రాశారు. వాటిని తీయడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద విడిగా అనుమతి కావాలి, బోరు వేయడానికి కూడా అదే చట్టం. చెట్ల జాబితాను ఫొటోలతో సహా ఇప్పుడే తయారు చేసి పెట్టుకోండి.

మీ స్థలం సముద్రానికి దూరంగా ఉంది కనుక తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు మీకు అడ్డు రావు. సాగర్‌నగర్ నుంచి భీమిలి వరకు తీరం పక్కన స్థలం ఉన్నవారు మాత్రం పోటు గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల పరిధిని, అలాగే ఉప్పునీరు ఎగదన్నే గెడ్డల ఒడ్డును మొదట చూసుకోవాలి. మీరు చూసుకోవాల్సింది కంబాలకొండ అభయారణ్యం. దాని చుట్టూ ఉన్న పర్యావరణ సున్నిత ప్రాంతపు సరిహద్దుకు మీ స్థలం ఎంత దూరంలో ఉందో అటవీ శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఉత్తరం ఫైల్లో లేకపోతే కమిటీ మొదటి సమావేశంలోనే మిమ్మల్ని వెనక్కి పంపడం దాదాపు ఖాయం.

దరఖాస్తు పద్ధతి మీరు భయపడుతున్నంత కష్టమైనదేమీ కాదు. కన్సల్టెంట్లకు గుర్తింపు ఇచ్చే నాబెట్ సంస్థ ఆమోదం ఉన్న కన్సల్టెంట్ ద్వారా, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో ఫారం 1, ఫారం 1-ఎ, ప్రాథమిక (కాన్సెప్చువల్) ప్లాను పెట్టాలి. రాష్ట్ర స్థాయి నిపుణుల మదింపు కమిటీ దాన్ని పరిశీలించి సిఫారసు చేస్తుంది, రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ మదింపు సంస్థ నిర్ణయం తీసుకుంటుంది. నోటిఫికేషన్ ప్రకారం మొదటిదానికి 60 రోజులు, రెండోదానికి 45 రోజులు గడువు. భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. అనుమతి వచ్చాక కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనా సమ్మతి, నివాసానికి ముందు నిర్వహణ సమ్మతి తీసుకోవాలి. జీవీఎంసీ ప్లాను, అగ్నిమాపక శాఖ పత్రం వీటికి సమాంతరంగా నడుస్తాయి, కానీ అన్ని ఫైళ్లలోనూ విస్తీర్ణం, అంతస్తులు, పార్కింగ్ అంకెలు ఒక్కటిగా ఉండాలి. రెండు కార్యాలయాల్లో రెండు అంకెలు కనిపించడం కన్నా అనుమానం పుట్టించేది మరొకటి లేదు.

కన్సల్టెంట్ చేతిలో పెట్టేముందు కొన్ని లెక్కలు మీకే తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే అవే రేపు మీరు పాటించాల్సిన షరతులవుతాయి. 160 ఫ్లాట్లకు ఇంటికి ఐదుగురి చొప్పున 800 మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 1,08,000 లీటర్ల నీరు కావాలి, అందులో మరుగుదొడ్ల ఫ్లషింగ్‌కు 45 లీటర్ల చొప్పున 36,000 లీటర్లు. వాడిన నీటిలో 80 శాతం మురుగుగా వస్తుందనుకుంటే 86,400 లీటర్లు. అంటే రోజుకు లక్ష లీటర్ల శుద్ధి కేంద్రం, శుద్ధి చేసిన నీటిని ఫ్లషింగ్‌కు, మొక్కలకు పంపే జంట పైపులైను తప్పనిసరి. ఈ జంట పైపులైను భవనం లేచాక అమర్చగలిగేది కాదు, స్లాబు దశలోనే డ్రాయింగులో ఉండాలి. సాధారణంగా పెట్టే షరతుల ప్రకారం ప్రతి 5,000 చదరపు మీటర్ల నిర్మాణానికి ఒక రీఛార్జ్ బోరు (వాన నీటిని నేలలోకి ఇంకించేది), ప్రతి 80 చదరపు మీటర్ల స్థలానికి ఒక చెట్టు ఉండాలి. మీ లెక్కకు అయిదు బోర్లు, నూటొక్క చెట్లు. రీఛార్జ్ బోర్లను వాలుకు ఎగువన గోడల పక్కన పెట్టకండి. ఇంకిన నీరు రిటైనింగ్ గోడ వెనుక చేరి దాన్ని తోస్తుంది. వాటి చోటును నేల స్వభావం చూసిన ఇంజినీరు నిర్ణయించాలి.

సెల్లార్ తవ్వకం గురించి మీ ప్రశ్నలో ప్రస్తావన లేదు. 3,200 చదరపు మీటర్లను మూడున్నర మీటర్ల లోతు తవ్వితే 11,200 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది, బయటికి తీశాక ఉబ్బి ఇంకా ఎక్కువవుతుంది. టిప్పరుకు పది ఘనపు మీటర్ల చొప్పున వెయ్యికి పైగా లోడ్లు. ఇదంతా ఎక్కడికి వెళ్తుందో దరఖాస్తులోనే చెప్పాలి, తరలింపుకు గనుల శాఖ అనుమతి ఉండాలి. "కాంట్రాక్టరు చూసుకుంటాడు" అన్న జవాబును నేను ఒప్పుకోను. అలా వదిలేసిన మట్టి రాత్రిపూట గెడ్డల్లోనో ఖాళీ స్థలాల్లోనో దిగడం ఈ ఊళ్లో అందరం చూస్తున్నాం. పైపొర సారవంతమైన మట్టిని విడిగా కుప్ప పోసి కప్పి ఉంచి తర్వాత తోటకు వాడాలి. మిగిలినదాంట్లో వీలైనంత స్థలంలోనే సర్దుకునేలా ప్లాను మార్చడం ఉత్తమం. వాలు స్థలంలో పూర్తి సెల్లార్‌కు బదులు మెట్లు మెట్లుగా రెండు స్థాయిల్లో పార్కింగ్ పెడితే తవ్వకం గణనీయంగా తగ్గుతుంది. మీ ఆర్కిటెక్ట్‌ను ఈ ఒక్క విషయం మీద గట్టిగా అడగండి. డబ్బు కూడా మిగులుతుంది.

దుమ్ము విషయంలో విశాఖకు ప్రత్యేకమైన బాధ్యత ఉంది. జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో గాలి నాణ్యతా ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో మన ఊరు కూడా ఉంది. స్థలం చుట్టూ ఎత్తైన రేకుల కంచె, లారీలకు టార్పాలిన్, గేటు దగ్గర చక్రాలు కడిగే తొట్టి, రోజువారీ నీళ్లు చల్లడం వంటివి మొదటి రోజు నుంచే ఉండాలి.

అనుమతి చేతికొచ్చిన తర్వాత చాలామంది దాన్ని ఫ్రేము కట్టి గోడకు తగిలించి మరిచిపోతారు. నిజానికి అది షరతుల జాబితా, అమలు అప్పుడే మొదలవుతుంది. అనుమతి వచ్చిన సంగతిని రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించి, ప్రతిని స్థానిక సంస్థకు ఇవ్వాలి. దాన్ని సవాలు చేయాలనుకునే ఇరుగుపొరుగు వారికి 30 రోజుల్లో, తగిన కారణం చూపితే మరో 60 రోజుల్లో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచిలో అప్పీలు చేసుకునే హక్కు ఉంది. మీరు బహిరంగంగా ప్రకటిస్తే ఆ గడువు ఎప్పుడు మొదలైందన్న వాదనకు తావుండదు. ఏటా జూన్ 1న, డిసెంబరు 1న అమలు నివేదికలు పెట్టాలి. ప్రతి షరతు పక్కన "పాటిస్తున్నాం" అని రాయడం నివేదిక కాదు. గాలి, నీరు, శబ్దం కొలతల ల్యాబ్ కాగితాలు, తేదీ ఉన్న ఫొటోలు, మట్టి తరలింపు రసీదులు జతపరచాలి. ఇందుకోసం సైటులో ఒక మనిషికి బాధ్యత రాతపూర్వకంగా అప్పగించండి.

ఇదంతా చేయకుండా కట్టేసి తర్వాత అనుమతి తెచ్చుకుందామన్న ఆలోచన మీ భాగస్వాముల్లో ఒకరికి ఉందని రాశారు. వెనకటి తేదీ నుంచి పర్యావరణ అనుమతి ఇవ్వడం ఈ చట్ట స్ఫూర్తికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 1న చెప్పింది. 2025 మే 16న అలాంటి అనుమతులకు దారి ఇచ్చిన ఉత్తర్వులను కొట్టివేసింది. అదే ఏడాది నవంబరు 18న మెజారిటీ తీర్పుతో ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. ఇలా ఊగిసలాడే దారిని నమ్ముకుని 160 కుటుంబాల సొమ్ము పెట్టించడం న్యాయం కాదు. 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు జైలు శిక్ష స్థానంలో పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల జరిమానా వచ్చింది. ఆ అంకె చూసి ధైర్యపడకండి. ట్రిబ్యునల్ విధించే పర్యావరణ పరిహారం దానికి అదనం, పని ఆపే ఆదేశం వల్ల కలిగే నష్టం రెండింటికన్నా ఎక్కువ. 2020 మే 7న వెంకటాపురంలో ఒక రసాయన కర్మాగారం నుంచి వెలువడిన స్టైరిన్ ఆవిరి ప్రాణాలు తీసిన తర్వాత, ఆ కర్మాగారం సరైన పర్యావరణ అనుమతి లేకుండానే ఏళ్ల తరబడి నడిచిందని బయటపడింది. అపార్టుమెంటుకూ రసాయన కర్మాగారానికీ పోలిక లేదు, నిజమే. కానీ ఆ కాగితం ఎందుకు అడుగుతారో ఈ ఊరివారికి ఇంకొకరు చెప్పనక్కరలేదు.

చివరిగా, ఫ్లాట్లు అమ్మి సంఘానికి అప్పగించే రోజు గురించి ఇప్పుడే ఆలోచించండి. అనుమతిని బదిలీ చేయడానికి నోటిఫికేషన్‌లో మార్గం ఉంది, మీ రాతపూర్వక నిరభ్యంతరంతో అది జరగాలి. శుద్ధి కేంద్రం నెలవారీ ఖర్చు, దాన్ని నడిపే మనిషి జీతం, రీఛార్జ్ బోర్ల పూడిక తీత ఖర్చు అమ్మకపు ఒప్పందంలోనే నిర్వహణ రుసుము లెక్కలో చూపించండి. ఈ ఖర్చు ముందుగా తెలియని సంఘాలు మొదటి ఏడాదిలోనే శుద్ధి కేంద్రాన్ని ఆపేసి మురుగును గెడ్డలోకి వదులుతున్నాయి. మీ స్థలం వెనుక గెడ్డ ఉంది కనుక ఆ నీరు కింద ఎవరి ఇళ్ల ముందుకు పోతుందో మీకే తెలుసు. ఎఫ్ఎంబీ నకలు, స్థలం ఎత్తుపల్లాల సర్వే, పూర్తి విస్తీర్ణపు పట్టిక ఈ మూడూ తయారయ్యాక పంపండి. గెడ్డ వైపు ఎంత ఖాళీ వదలాలో, సెల్లార్‌ను ఎంతవరకు తగ్గించవచ్చో చూసి చెబుతాను.